పాత మెయిళ్లను ఇంటి కంప్యూటర్‌లోకి వాటంతటవే ఆర్కైవ్ చేయించడం ఎలా?

నీలిగవ్వ · మొదటి పోస్టు

కంప్యూటర్ విండోస్ 11, మెయిల్‌కి వాడేది థండర్‌బర్డ్. ఖాతాలు రెండు: ఒకటి జీమెయిల్, ఇంకొకటి మామూలు ఐమ్యాప్ ఖాతా (ఐమ్యాప్ అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉండి, కంప్యూటర్‌లో కనిపించే పద్ధతి). జీమెయిల్‌లో 15 జీబీకి 14 జీబీ నిండింది. కావలసింది ఇదీ:

రెండేళ్లు దాటిన మెయిళ్లు ఏ ఏడాదివి ఆ ఏడాది ఫోల్డర్‌లోకి, కంప్యూటర్‌లోకి వచ్చేయాలి. సర్వర్‌లో చోటు ఖాళీ కావాలి. స్టార్ పెట్టినవి కదలకూడదు. వారం వారం కూర్చుని చేసే పని కాకూడదు. ఏ దారి మంచిది?

మెయిల్‌మూట

నీలిగవ్వ గారూ, "ఆర్కైవ్" అన్న మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం ఉంది. అది తేల్చుకోకుండా ఏ బటనూ నొక్కొద్దు.

జీమెయిల్‌లో ఆర్కైవ్ అంటే "ఇన్‌బాక్స్" అనే లేబుల్ ఊడదీయడం, అంతే. మెయిల్ "ఆల్ మెయిల్"లో అలాగే ఉంటుంది, ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. ఔట్‌లుక్‌లో పైన కనిపించే ఆర్కైవ్ బటన్ మెయిల్‌ని అదే ఖాతాలో ఇంకో ఫోల్డర్‌కి పంపుతుంది. అక్కడా చోటు మిగలదు. మీరు అడుగుతున్నది మూడోది: సర్వర్ నుంచి తీసి మీ డిస్క్ మీద పెట్టడం.

జీమెయిల్‌తో ఇంకో చిక్కు ఉంది. థండర్‌బర్డ్‌లో ఇన్‌బాక్స్ నుంచి లోకల్ ఫోల్డర్‌కి మెయిల్‌ని మూవ్ చేశారనుకోండి. థండర్‌బర్డ్ దృష్టిలో అది సర్వర్ నుంచి పోయింది. జీమెయిల్ దృష్టిలో మాత్రం లేబుల్ పోయిందంతే, అసలు మెయిల్ "ఆల్ మెయిల్"లో భద్రం. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, పాప్, ఐమ్యాప్ ట్యాబ్‌లో "చివరి ఐమ్యాప్ ఫోల్డర్ నుంచి తొలగించినప్పుడు ఏం చేయాలి" అన్న ప్రశ్నకి మొదటి నుంచీ ఉండే జవాబు "ఆర్కైవ్ ద మెసేజ్". అందుకే వేలకొద్దీ మెయిళ్లు మూవ్ చేశాక కూడా 14 జీబీ 14 జీబీగానే కనిపిస్తుంది.

అదే ట్యాబ్‌లో ఒక్కో ఐమ్యాప్ ఫోల్డర్‌లో ఎన్ని మెయిళ్లు చూపించాలో హద్దు పెట్టే వీలుంది. అది 1,000 దగ్గరో 2,000 దగ్గరో ఉంటే పాత మెయిళ్లు థండర్‌బర్డ్‌కి కనిపించవు, కనిపించనివి ఆర్కైవ్ కావు. ముందు హద్దు లేకుండా మార్చండి.

తెరచాప

థండర్‌బర్డ్ వైపు అమరిక నేను రాస్తాను.

1. అకౌంట్ సెట్టింగ్స్ → ఆ ఖాతా → "కాపీస్ అండ్ ఫోల్డర్స్" → "మెసేజ్ ఆర్కైవ్స్". అక్కడ "కీప్ మెసేజ్ ఆర్కైవ్స్ ఇన్" దగ్గర "లోకల్ ఫోల్డర్స్" ఎంచుకోవాలి. దీన్ని ముట్టుకోకపోతే ఆర్కైవ్ ఫోల్డర్ సర్వర్ మీదే తయారవుతుంది. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు.

2. పక్కనే "ఆర్కైవ్ ఆప్షన్స్". అంతా ఒకే ఫోల్డర్, ఏడాదికొకటి, నెలకొకటి అని మూడు పద్ధతులున్నాయి. ఏడాదికొకటి చాలు. నెలకొకటి పెడితే పదేళ్లకి 120 ఫోల్డర్లు, వెతకడం కష్టం. "ఉన్న ఫోల్డర్ల అమరిక అలాగే ఉంచు" అన్నదానికి టిక్ పెడితే మీరు విడిగా చేసుకున్న ఫోల్డర్ల పేర్లు ఆర్కైవ్‌లోనూ నిలుస్తాయి.

3. ఇదే పని రెండో ఖాతాకీ విడిగా చేయాలి. ఖాతా ఖాతాకీ వేరు సెట్టింగ్.

ఇప్పుడు ఏ మెయిల్ మీదైనా ఇంగ్లీషు "ఎ" మీట నొక్కితే అది 2021 మెయిలైతే ఆర్కైవ్స్ కింద 2021లోకి పోతుంది. అయితే దానంతటది జరగదు. అందుకు "ఆటోఆర్కైవ్ రీలోడెడ్" అనే యాడాన్ (థండర్‌బర్డ్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది. చదవనివి, స్టార్ ఉన్నవి, ట్యాగ్ ఉన్నవి, మిగతావి అని నాలుగు రకాలకీ వేర్వేరు రోజుల గడువు పెట్టుకోవచ్చు. మీరు "మిగతావి"కి 730 పెట్టి, స్టార్ ఉన్నవాటి టిక్ తీసేయండి. మీ థండర్‌బర్డ్ వెర్షన్‌కి సరిపోతుందో లేదో యాడాన్ పేజీలో చూసుకున్నాకే ఎక్కించండి. పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా యాడాన్లు ఆగిపోవడం మామూలే.

నీలిగవ్వ

యాడాన్ లేకుండా మెసేజ్ ఫిల్టర్‌తో కుదరదా? అందులో "ఏజ్ ఇన్ డేస్" అనే షరతు కనిపిస్తోంది.

తెరచాప

కుదురుతుంది, కానీ మూడు చోట్ల జాగ్రత్త.

ఫిల్టర్ ఎప్పుడు నడవాలో అడిగేచోట "గెటింగ్ న్యూ మెయిల్" మాత్రమే ఉంచితే అది ఏ పనీ చేయదు. కొత్తగా వచ్చిన మెయిల్ వయసు సున్నా రోజులు, 730 దాటే ప్రశ్నే లేదు. "పీరియాడికల్లీ" అన్నదానికి టిక్ పెట్టాలి. అది ప్రతి 10 నిమిషాలకీ నడుస్తుంది.

రెండోది, అలా నడిచేది ఇన్‌బాక్స్ మీద మాత్రమే. "సెంట్" ఫోల్డర్, మీరు చేసుకున్న ఇతర ఫోల్డర్లు దాని పరిధిలోకి రావు. వాటికి ఆ ఫోల్డర్ ఎంచుకుని టూల్స్ → "రన్ ఫిల్టర్స్ ఆన్ ఫోల్డర్" చేతితో నొక్కాలి.

మూడోది, ఫిల్టర్ ఒక్క ఫోల్డర్‌కే పంపుతుంది. ఏడాదుల వారీగా విడదీయడం దానికి రాదు.

ఇంకా, "మూవ్" బదులు "కాపీ" పెట్టినవాళ్లకి: మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది కనుక ప్రతి 10 నిమిషాలకీ అదే మెయిల్ మళ్లీ కాపీ అవుతూ పోతుంది. రాత్రంతా తెరిచి ఉంచితే ఒక్కో మెయిల్‌కి పదుల ప్రతులు. కాపీ చేయాలంటే అదే ఫిల్టర్‌లో రెండో యాక్షన్‌గా "దాచినది" అని ఒక ట్యాగ్ తగిలించి, "ఆ ట్యాగ్ లేనివి మాత్రమే" అని షరతు కలపాలి.

చుక్కాని

ఒక్క హెచ్చరిక, పెద్ద అక్షరాల్లో అనుకుని చదవండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో "సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్" పేజీలో "ఇన్ని రోజులు దాటిన మెయిళ్లు తొలగించు" అని ఒకటుంటుంది. అది డిస్క్ శుభ్రం చేసే మీట అనుకుంటారు. ఐమ్యాప్ ఖాతాలో అది మీ దగ్గరి ప్రతినే కాదు, సర్వర్ మీది అసలునీ శాశ్వతంగా తీసేస్తుంది. ఆర్కైవ్‌కి దానితో సంబంధం లేదు. "డోంట్ డిలీట్ ఎనీ మెసేజెస్" దగ్గరే ఉంచండి.

రాత్రిగువ్వ

ఔట్‌లుక్ వాడేవాళ్లూ ఈ చర్చ చదువుతారు కనుక ఆ సంగతి కూడా రాస్తున్నాను.

క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఫైల్ → ఆప్షన్స్ → అడ్వాన్స్‌డ్ → "ఆటోఆర్కైవ్ సెట్టింగ్స్". అది 14 రోజులకోసారి నడిచేలా ఉంటుంది. పాతవన్నీ ఆర్కైవ్ అనే పీఎస్‌టీ ఫైల్‌లోకి (ఔట్‌లుక్ మెయిళ్లు దాచే ఒకే పెద్ద ఫైల్) పోతాయి. ఆ ఫైల్ మామూలుగా డాక్యుమెంట్స్‌లో ఔట్‌లుక్ ఫైల్స్ కింద ఉంటుంది. ఆ పెట్టెలోనే "పర్మనెంట్లీ డిలీట్ ఓల్డ్ ఐటమ్స్" అని ఇంకో ఎంపిక ఉంది. మూవ్ బదులు అది ఎంపికైతే పాత మెయిళ్లు ఎక్కడికీ పోవు, నేరుగా మాయమవుతాయి. ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో ఆటోఆర్కైవ్ ట్యాబ్ తెరిస్తే ఫోల్డర్‌కొక గడువు పెట్టుకోవచ్చు.

అందరూ అడిగేది: "రెండేళ్ల నాటి మెయిల్ ఎందుకు కదల్లేదు?" ఔట్‌లుక్ వయసు లెక్క మెయిల్ వచ్చిన తేదీ, చివరిగా మార్పు జరిగిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతిదైతే దాన్నిబట్టి. నిన్న ఆ మెయిల్‌కి కేటగిరీ రంగు వేసినా, మొత్తం మెయిల్ ఇంకో కంప్యూటర్ నుంచి ఇంపోర్ట్ చేసినా దాని వయసు మళ్లీ మొదలవుతుంది. దీన్ని ఆపడానికి విండోస్ రిజిస్ట్రీలో (సెట్టింగ్స్ దాచే చోటు) ఔట్‌లుక్ "ప్రిఫరెన్సెస్" కింద "ఆర్కైవ్ ఇగ్నోర్ లాస్ట్ మోడిఫైడ్ టైమ్" అనే డీవర్డ్ విలువ (ఇంగ్లీషులో, మాటల మధ్య ఖాళీలు లేకుండా) చేర్చి 1 పెట్టాలి.

పీఎస్‌టీ ఫైల్ 2010 తర్వాతి వెర్షన్లలో 50 జీబీ దాకా పెరగొచ్చు. అంత పెరగనివ్వకండి. రెండు మూడేళ్లకొక కొత్త ఫైల్ మొదలుపెడితే ఒకటి చెడినా మిగతావి నిలుస్తాయి. పీఎస్‌టీని నెట్‌వర్క్ డ్రైవ్ మీదా, క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లోనూ తెరిచి వాడొద్దు. ఫైల్ తెరిచి ఉండగానే సింక్ ప్రోగ్రామ్ చేయి పెడుతుంది, పాడయ్యేది అక్కడే. పీఎస్‌టీకి పెట్టే పాస్‌వర్డ్‌ని కాపలాగా లెక్కించొద్దు, తేలిగ్గా తెగుతుంది. రక్షణ కావాలంటే డిస్క్‌నే ఎన్‌క్రిప్ట్ చేయాలి.

కొత్త ఔట్‌లుక్ యాప్‌లో ఆటోఆర్కైవ్ లేదు.

మెయిల్‌మూట

ఇప్పటిదాకా చెప్పినవన్నీ "మూవ్" పద్ధతులే. నాకు అక్కడే అభ్యంతరం. మూవ్ చేసిన క్షణం నుంచి ఆ మెయిల్‌కి లోకంలో ఒక్కటే ప్రతి, అది మీ డిస్క్ మీద. ఆ డిస్క్ పోతే పదేళ్ల ఉత్తరాలు పోయినట్టే. సర్వర్‌లో ఉన్నంతకాలం సర్వర్ నడిపేవాళ్లు చూసుకున్న పూచీ ఇప్పుడు మీ నెత్తిన పడుతుంది.

కాబట్టి పనిని రెండు ముక్కలు చేయండి. దించుకోవడం రోజూ దానంతటదే జరగాలి, సర్వర్‌లో ఏదీ ముట్టుకోకూడదు. తీసేయడం ఏడాదికోసారో రెండుసార్లో, లెక్క సరిచూసుకున్నాక, మనిషి చేతితో జరగాలి. మధ్యలో బాహ్య డిస్క్‌కి ఇంకో ప్రతి చేరి ఉండాలి.

తెరచాప

సూత్రం ఒప్పుకుంటాను. కానీ నీలిగవ్వ గారి మొదటి షరతే చేతిపని వద్దని. బాహ్య డిస్క్‌కి రోజువారీ బ్యాకప్ నిజంగా నడుస్తున్న ఇంట్లో మూవ్ వల్ల అంత ప్రమాదం లేదు. బ్యాకప్ లేని ఇంట్లో మాత్రం మీరన్నదే సరి.

ఒక మెట్టు దిగుతాను: మొదటిసారి పెద్ద తరలింపు మాత్రం యాడాన్‌కి వదలొద్దు. 50,000 మెయిళ్లు ఒకేసారి కదిపితే మధ్యలో నెట్ తెగినప్పుడు ఏది వచ్చిందో ఏది రాలేదో తేలదు. ముందు ఆ ఫోల్డర్లన్నిటినీ ఆఫ్‌లైన్ వాడకానికి దించుకోండి. తర్వాత ఒక్కో ఏడాది చొప్పున, 1,000 దాటకుండా కట్టలుగా కదిపి, అటూ ఇటూ సంఖ్య చూసుకోండి. పాతదంతా తేలాక రోజుకి పదో ఇరవయ్యో కదిలే పని యాడాన్‌కి అప్పగించొచ్చు.

పెంకుటిల్లు

మెయిల్‌మూట గారు చెప్పిన మొదటి ముక్కకి తగ్గ పనిముట్లు ఇవీ.

లినక్స్‌లో ఎంబీసింక్ (ఐసింక్ అనే ప్యాకేజీలో వస్తుంది). కాన్ఫిగ్ ఫైల్‌లో దూరపు వైపు "ఫార్", మన వైపు "నియర్". "సింక్" పంక్తిలో "పుల్ న్యూ" అని, విడి పంక్తుల్లో "ఎక్స్‌పంజ్ నన్" అని, "క్రియేట్ నియర్" అని రాస్తే సర్వర్ నుంచి కొత్తవి వస్తాయి. అక్కడ తీసేసినా ఇక్కడివి పోవు, ఇక్కడ పొరపాటున తీసినా అక్కడికి పాకదు. "సింక్ ఆల్" ఉంచితే ఒకవైపు తొలగింపు రెండోవైపుకీ వెళుతుంది. అది అద్దం, ఆర్కైవ్ కాదు. జీమెయిల్‌కైతే "ఆల్ మెయిల్" ఒక్కదాన్నే దించండి. లేబుళ్లన్నీ దించితే మూడు లేబుళ్లున్న మెయిల్ నాలుగుసార్లు డిస్క్ మీదికొస్తుంది.

విండోస్‌లో మెయిల్‌స్టోర్ హోమ్ ఉంది. సొంత వాడకానికి ఉచితం. ఖాతాకొక ప్రొఫైల్ చేసుకుంటే రెండోసారి నుంచి కొత్తవి మాత్రమే తీసుకుంటుంది, సర్వర్ మీది అసలు కదలదు. అటాచ్‌మెంట్ల లోపలి మాటలు కూడా వెతుకుతుంది. ఎప్పుడు కావాలన్నా ఈఎంఎల్ ఫైళ్లుగా (మెయిల్‌కొక ఫైల్) బయటికి తీసుకోవచ్చు. ఆర్కైవ్ ప్రోగ్రామ్ ఏదైనా ముందు చూడాల్సింది ఇదే. లోపలికి వెళ్లే దారికన్నా బయటికొచ్చే దారి ముఖ్యం.

మొదటి దించుడు ఒక్క రాత్రిలో అవదు. జీమెయిల్ ఐమ్యాప్ ద్వారా రోజుకి 2,500 ఎంబీ వరకే ఇస్తుంది, దాటితే కొంతసేపు ఐమ్యాప్ మూసేస్తుంది. మీ 14 జీబీకి ఆరు రోజులు. తొందరైతే గూగుల్ టేకౌట్‌లో మెయిల్ మాత్రం టిక్ పెట్టి ఎంబాక్స్ ఫైల్ (మెయిళ్లన్నీ వరసగా ఉండే ఒకే ఫైల్) తెప్పించుకోండి. లేబుళ్లు కూడా ప్రతి మెయిల్ హెడర్‌లో (మెయిల్ పైభాగంలో వివరాలుండే చోటు) రాసి ఇస్తారు.

నీలిగవ్వ

రాత్రిళ్లు కంప్యూటర్ ఆపేస్తే షెడ్యూల్ తప్పిపోతుందిగా?

పెంకుటిల్లు

విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఆ పని ప్రాపర్టీస్ తెరిచి "సెట్టింగ్స్" ట్యాబ్‌లో "తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడుపు" అన్నదానికి టిక్ పెట్టండి. మొదట అది ఖాళీగా ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే "కండిషన్స్" ట్యాబ్‌లో "కరెంటు మీద ఉన్నప్పుడే మొదలుపెట్టు" అని ముందే టిక్ ఉంటుంది. బ్యాటరీ మీద నడిచే యంత్రంలో పని ఎందుకు మొదలవ్వలేదో అంతుపట్టనివాళ్లకి కారణం సాధారణంగా అదే.

థండర్‌బర్డ్ యాడాన్ దారి అయితే షెడ్యూలర్ థండర్‌బర్డ్‌ని తెరిస్తే చాలు. అది మూసి ఉన్నంతసేపూ ఫిల్టర్ గానీ యాడాన్ గానీ నడవవు.

లినక్స్‌లో మామూలు క్రాన్ (వేళకి పనులు నడిపేది), కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు తప్పిన పనిని మళ్లీ పట్టించుకోదు. సిస్టమ్‌డీ టైమర్‌లో "పర్సిస్టెంట్" విలువ "ట్రూ" పెడితే యంత్రం లేవగానే నడుపుతుంది.

చుక్కాని

ఇక జీమెయిల్‌లో తీసేసే ఘట్టం. దించుకోవడం పూర్తయి, బాహ్య డిస్క్‌కీ చేరాక, జీమెయిల్ వెబ్‌లో వెతుకు పెట్టెలో ఇంగ్లీషులో "బిఫోర్" అని, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా 2023/01/01 రాస్తారు. దాని పక్కన మైనస్ గుర్తు, "ఈజ్", కోలన్, "స్టార్డ్". అంటే 2023కి ముందువి, స్టార్ లేనివి.

డిలీట్ నొక్కే ముందు సెట్టింగ్స్ → జనరల్‌లో "కన్వర్సేషన్ వ్యూ" ఆపండి. ఇది మరిచిపోతే నష్టం పెద్దది. ఆ వ్యూ ఉన్నప్పుడు వెతుకులాటకి దొరికేది సంభాషణ. 2022లో మొదలై నిన్నటిదాకా సాగిన సంభాషణలో పాత మెయిల్ ఒకటి ఉన్నా చాలు, మొత్తం ఎంపికవుతుంది, నిన్నటి జవాబు కూడా చెత్తబుట్టలోకి పోతుంది. ఆపితే మెయిల్ మెయిల్‌గా విడివిడిగా కనిపిస్తాయి.

పైన చదరం టిక్ పెడితే ఆ పేజీలోవే ఎంపికవుతాయి. ఆ తర్వాత వచ్చే "ఈ వెతుకులాటకి సరిపోయేవన్నీ" అన్న వాక్యం కూడా నొక్కాలి. ట్రాష్‌లో 30 రోజులుంటాయి, అవి పోయేదాకా 15 జీబీ లెక్క తగ్గదు. ఆ 30 రోజులు మీకు దొరికిన గడువు. వెంటనే ఖాళీ చేయకుండా ఆర్కైవ్‌లో అక్కడక్కడా తెరిచి చూడండి.

రాత్రిగువ్వ

సరిచూడటం అంటే ఎలా అని అడిగేవాళ్లకి: మొత్తం సంఖ్య ఒక్కటే చాలదు. ప్రతి ఏడాది నుంచీ ఐదేసి మెయిళ్లు తెరవండి, వాటిలో రెండిటికి పెద్ద అటాచ్‌మెంట్ ఉండాలి. ఆ అటాచ్‌మెంట్‌ని డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి తెరవండి. సబ్జెక్టు కనిపించి లోపల ఖాళీగా ఉన్న మెయిలంటే హెడర్ మాత్రమే దిగిందని. ఇది నెట్ ఆపేసి చూస్తేనే తెలుస్తుంది. నెట్ ఉంటే థండర్‌బర్డ్ ఐమ్యాప్ ఫోల్డర్‌లోని మెయిల్‌ని అప్పటికప్పుడు సర్వర్ నుంచి తెచ్చి చూపిస్తుంది, మనం దిగిందనుకుంటాం.

ఆర్కైవ్స్‌లో 1970 అని ఫోల్డర్ కనిపిస్తే కంగారొద్దు. పంపినవాళ్ల కంప్యూటర్ గడియారం తప్పైతే, లేదా తేదీ హెడర్ చెడితే మెయిళ్లు అక్కడ చేరతాయి. సర్వర్‌కి చేరిన తేదీ వేరు, మెయిల్‌లో రాసి ఉన్న తేదీ వేరు. ఐమ్యాప్ ఆ రెండిటినీ విడిగా ఉంచుతుంది. ఖాతా మార్చేటప్పుడు సరిగా చేయని ఇంపోర్ట్ వల్ల చేరిన తేదీ అన్నిటికీ ఒకే రోజు పడుతుంది. అప్పుడు "చేరిన తేదీ" మీద నడిచే నియమానికి ఇరవయ్యేళ్ల మెయిల్ కూడా కొత్తదే.

మేఘమాల

మ్యాక్‌లో మెయిల్ యాప్ వాడేవాళ్లకి? రూల్స్‌లో "డేట్ రిసీవ్డ్" షరతు పెడితే ఏమీ కదలడం లేదు.

తెరచాప

ఫిల్టర్‌లో చెప్పిన కారణమే. అక్కడి రూల్స్ మెయిల్ వచ్చినప్పుడే నడుస్తాయి. గత 24 నెలల్లో రానివి అని స్మార్ట్ మెయిల్‌బాక్స్ చేసుకుని, నెలకోసారి తెరిచి, అన్నీ ఎంచుకుని "ఆన్ మై మ్యాక్" కింద ఉన్న పెట్టెలోకి లాగండి. బ్యాకప్‌కి మెయిల్‌బాక్స్ → "ఎక్స్‌పోర్ట్ మెయిల్‌బాక్స్". ఎంబాక్స్ వస్తుంది.

నీలిగవ్వ

రెండో ఖాతాలో 2016, 2017 సంవత్సరాలు కదిపాను. సంఖ్య సరిపోయింది, నెట్ ఆపి తెరిచినా వచ్చాయి. కానీ డిస్క్ మీద ఇన్‌బాక్స్ ఫైల్ సైజు తగ్గలేదు. పైగా మొత్తం పెరిగింది.

మెయిల్‌మూట

అది మామూలే. థండర్‌బర్డ్ ఒక్కో ఫోల్డర్‌ని ఒకే పొడవాటి ఎంబాక్స్ ఫైల్‌గా ఉంచుతుంది. మెయిల్ తీసేస్తే "పోయింది" అని గుర్తు పెడుతుందే గానీ అక్షరాలు అక్కడే ఉంటాయి. ఇన్‌బాక్స్ మీద కుడి మీట నొక్కి "కాంపాక్ట్" ఇవ్వండి. అప్పుడు మిగిలినవాటితో కొత్త ఫైల్ రాసి పాతది తీసేస్తుంది. కొత్తది రాయడానికి ఆ ఫైల్ అంత ఖాళీ ముందే ఉండాలి. 6 జీబీ ఇన్‌బాక్స్‌కి 6 జీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టొద్దు. మధ్యలో ఆపొద్దు కూడా.

ఆ పక్కనే ఉండే ఎం.ఎస్.ఎఫ్ ఫైల్ సూచిక మాత్రమే. లిస్టు గజిబిజిగా కనిపిస్తే థండర్‌బర్డ్ మూసి దాన్ని తీసేయొచ్చు, మళ్లీ తయారవుతుంది. పొడిగింపు లేని ఫైల్‌లో అసలు మెయిళ్లుంటాయి, దాన్ని తాకొద్దు.

యాంటీవైరస్ సంగతి కూడా. ఎప్పటిదో చెడ్డ అటాచ్‌మెంట్ ఒకటి ఆర్కైవ్‌లో ఉంటే కొన్ని యాంటీవైరస్‌లు ఆ ఒక్క మెయిల్‌ని కాక మొత్తం ఎంబాక్స్ ఫైల్‌నే పట్టుకుపోయి బంధిస్తాయి. ఒక్కసారిగా 2019 అంతా ఖాళీ అయిందంటే ముందు క్వారంటైన్ జాబితా చూడండి, అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. ప్రొఫైల్ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించి, అటాచ్‌మెంట్ బయటికి సేవ్ చేసినప్పుడు పట్టుకునేలా ఉంచడం మేలు.

పెంకుటిల్లు

బాహ్య డిస్క్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఎంబాక్స్ ఫైల్ కాపీ కాదు. డిస్క్‌లో ఎంత చోటున్నా సరే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో ఫార్మాట్ చేయండి. చోటు అంచనా వేసేటప్పుడు ఇదీ లెక్కలో పెట్టుకోండి: అటాచ్‌మెంట్ మెయిల్‌లో బేస్64గా (అక్షరాలుగా మార్చిన రూపంలో) ఉంటుంది, మూడో వంతుకి పైగా ఉబ్బుతుంది. 10 ఎంబీ ఫొటో ఎంబాక్స్‌లో 13 ఎంబీ దాటి కూర్చుంటుంది.

కాపీ తీసే ముందు థండర్‌బర్డ్ పూర్తిగా మూయాలి. తెరిచి ఉండగా తీసిన ప్రతి సగంలో తెగి ఉండొచ్చు.

మేఘమాల

ఎన్‌క్రిప్ట్ అయిన మెయిళ్లు కూడా ఇలాగే దాచుకోవచ్చా?

పెంకుటిల్లు

దాచుకోవచ్చు, కానీ ఆర్కైవ్‌లోకి వెళ్లేది తాళం వేసిన రూపమే. ఎస్‌మైమ్ సర్టిఫికెట్ గడువు తీరిందని, ఓపెన్‌పీజీపీ తాళంచెవి మార్చామని (ఈ రెండూ మెయిల్ ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతులు) పాతదాన్ని తీసేస్తే ఆ మెయిళ్లు ఇక తెరుచుకోవు. గడువు తీరిన చెవితో కొత్తవి పంపలేకపోయినా పాతవి తెరవొచ్చు. రహస్య తాళంచెవిని ఎగుమతి చేసి, దాని పాస్‌వర్డ్‌ని వేరేచోట రాసి, ఆర్కైవ్ ఉన్న డిస్క్‌తో పాటు కాకుండా విడిగా ఉంచండి. మీరు పంపినవి కూడా ఇదే లెక్క: పంపేటప్పుడు మీ చెవితో కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటేనే "సెంట్" ఫోల్డర్‌లోది మీకు తెరుచుకుంటుంది.